ఆ చేదైనా చాలన్న పెద్దమ్మ

పోయిన వారం పొద్దున్నే పెద్దమ్మ వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయిందక్కా" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ ఆవిడ. కింద వాళ్ళు, పైన మేము. పేరుకే ఓనరమ్మ, నాకు పెద్దమ్మ. గుండె ఆపరేషన్‌కని ఎల్‌బీ నగర్ ఆస్పత్రికి వెళ్తూ గేటు దగ్గర ఆగి, "మోటరు బంద్ చేసుడు మర్వకు. ట్యాంకు నిండి కారుతుంటె నాకు దవాఖానల గూడ నిద్ర పట్టది" అని నాకు చెప్పి ఆటో ఎక్కింది. ఇంటికి మళ్ళీ నడిచి రాలేదు.

ఆవిడది నల్లగొండ పక్క పల్లె, మాది కృష్ణా జిల్లా. నా "అండీ"లకు ఆవిడ నవ్వేది. ఆవిడ కసుర్లకు నేను బెదిరిపోయేదాన్ని. ఆ బెదురు తీరింది నాకు డెంగీ వచ్చినప్పుడే. ప్లేట్‌లెట్లు తగ్గాయని డాక్టరు చెప్పిన సాయంత్రమే, సంపు పక్కనున్న బొప్పాయి చెట్టు ఆకులు కోసి, ఈనెలు తీసి, దంచి, గుడ్డలో పిండి, ఆ రసం గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది. అబ్బబ్బ, ఏం చేదు! నాలుక మీద పడగానే కడుపులోది పైకొచ్చింది.

"మొకం గట్ల పెడ్తవేందే? విషం పోస్తున్ననా? ముక్కు మూసుకొని తాగు. చేదు నోట్లె ఉన్నంత సేపే" అని గదిమింది. గ్లాసు ఖాళీ అయ్యాక కొంగు ముడి విప్పి బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. రసమే పనిచేసిందో, జ్వరం దాని దారిన అది పోయిందో నాకు తెలియదు. నన్ను బతికించింది పెద్దమ్మేనని మాత్రం నమ్మాను.

వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా మా గేటే తట్టేవాళ్ళు. లేదనేది కాదు, అలాగని తిట్టకుండానూ ఇచ్చేది కాదు. "దోమతెర కట్టుకోమంటె కట్టుకోరు, ఆకులకైతె ఉరికొస్తరు!"

అందుకే, ఆపరేషన్ బాగా అయిందని మేం ఊపిరి పీల్చుకుంటుండగా "అమ్మకు ప్లేట్‌లెట్లు పడిపోతున్నయంటక్కా" అని వాళ్ళబ్బాయి చెప్పగానే నేను చెట్టు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చేసినట్టే దంచి పిండాను. బెల్లం ముక్క కొంగున ముడేసుకున్నాను. సీసా పట్టుకుని మెట్రో ఎక్కాను. ఈసారి నా వంతు అని ఎంత ధీమానో నాకు!

ఐసీయూ బయట డాక్టరు ఓపిగ్గానే చెప్పారు. "ఇది డెంగీ కాదమ్మా. ఆపరేషన్ తర్వాత ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, వెంటే కిడ్నీలూ దెబ్బతిన్నాయి. డయాలసిస్ పెట్టాం. మంచినీళ్ళే కొలిచి ఇస్తున్నాం, ఈ రసం అసలు పట్టొద్దు."

లోపలికి నన్నొక్కదాన్నే పంపారు. పెద్దమ్మ ముఖం ఉబ్బింది, పెదాలు ఎండి పగిలాయి. నా చేతిలోని సీసా చూసి గుర్తుపట్టింది.

"మంచిగ పిండినవా?"

"పిండాను పెద్దమ్మా."

"జర పొయ్యి బిడ్డా. దూపైతుంది."

"ఎంత దాహమైనా పట్టొద్దన్నారు పెద్దమ్మా. చేదు కూడాను..."

"చేదైతె ఏంది? నోరన్న తడుస్తది. ఒక్క గుటక."

పోయలేదు. నర్సు ఇచ్చిన తడి దూదితో పెదాలు అద్దాను. ఆ దూదినే పసిపిల్లలా చప్పరించింది. నా గుండె చెరువైపోయింది. పోస్తే ప్రాణానికి ముప్పన్నారు, ఏం చెయ్యను తల్లీ! పోయకపోయినా నువ్వు దక్కలేదు. బెల్లం ముక్క నా కొంగులోనే ఉండిపోయింది.

నిన్న మోటరు వేసి మరిచిపోయాను. ట్యాంకు నిండి, నీళ్ళు గోడ వెంట ధారగా దిగుతున్నాయి. స్విచ్చు మీద చెయ్యి పెట్టాను గానీ నొక్కలేకపోయాను. కింది నుంచి "బంద్ చెయ్యే!" అన్న కేక వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను. నీళ్ళు బొప్పాయి చెట్టు మొదలు దాటి, ఆవిడ గడప దాకా పారాయి.