డ్రమ్ము మీది ఎర్ర గుర్తు

ఈ ఎండాకాలం మొదట్లో కడపలో మా వీధిలోకి ఒక ఆటో నిండా నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు అమ్మకానికి వచ్చాయి. కుళాయి నీళ్లు మూడు రోజులకొకసారి వచ్చే వీధి మాది, కాబట్టి ఆటో ఆగీ ఆగకముందే ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. మా అమ్మాయి కూడా ఒకదాన్ని దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చి, అంగట్లో కొత్తదాని ధరలో సగానికే వచ్చిందని మురిసిపోయింది. నేను దాని చుట్టూ తిరిగి చూశాను. ఒక పక్క సగం గీకేసిన కాగితం అతుక్కుని ఉంది, దాని మీద పుర్రె బొమ్మ సగం మిగిలి ఉంది. వెంటనే వెనక్కి ఇచ్చేసి రమ్మన్నాను. కడుక్కుంటే సరిపోదా అని అమ్మాయి అడిగింది, ఆటోవాడి ముందు పరువు పోయిందని ఆ పూటంతా నాతో సరిగా మాట్లాడలేదు. ఎందుకు వద్దన్నానో నోటితో చెప్పలేకపోయాను. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, నా రాత ఇంకా వంకరటింకరగానే ఉంటుంది, అయినా నోటికి రాని మాట కాగితం మీదైనా పెట్టాలని ఇది రాస్తున్నాను.

నా ఈడు ఆడవాళ్లకు బేతంచెర్ల నాపరాతి బండల దుమ్ము సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మా ఆయన అక్కడ పాలిషింగ్ యంత్రం దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి, పిల్లలు తాత వచ్చాడని నవ్వేవారు. ఆ దుమ్మే రొమ్ములో పేరుకుని ఆయన్ను తీసుకుపోయింది. ఇద్దరు ఆడపిల్లలతో దిక్కుతోచక కూర్చుంటే మా ఆడబిడ్డ వచ్చి, కర్నూలు దగ్గర తమ ఊరికి తీసుకుపోయి, ఊరి బయట కొత్తగా వచ్చిన ఇనుము కంపెనీలో పనికి పెట్టించింది. ఆ మేలు నేను ఎన్నటికీ మరిచిపోలేదు, ఆమె కూడా నన్ను మరిచిపోనివ్వలేదు.

కరెంటు స్తంభాలకూ షెడ్లకూ వాడే ఇనుప కోణాలకు, పైపులకు జింకు పూత పూసి చుట్టుపక్కల జిల్లాల అంగళ్లకు పంపే కంపెనీ అది. ఆడవాళ్లం తీగె బ్రష్షుతో తుప్పు రుద్దేవాళ్లం. మగవాళ్లు ఆ ఇనుమును ఆసిడ్ తొట్టిలో ముంచి, కడిగి, కాగుతున్న జింకులో దించేవారు. చివరికి మెరుపు నిలవడానికని పసుపు రంగు మందు నీళ్లలో ఒకసారి ముంచి తీసేవారు. మొదట్లో ఆ కడిగిన నీళ్లన్నీ వెనకనున్న వంకలోకే పోయేవి. వంక రాళ్లు ఎర్రబడ్డాయి, గొర్రెల కాపరులు మందను అటు రానిచ్చేవారు కాదు. మాకు మాత్రం అదొక పెద్ద విషయంగా తోచలేదు, కూలి దొరుకుతోంది కదా అనుకున్నాం.

కొన్నేళ్లకు యజమాని కూతురు, మేమంతా చిన్నమ్మాయిగారు అనేవాళ్లం, చదువు ముగించుకుని వచ్చి ఆ పద్ధతులన్నీ మార్చింది. ఆసిడ్ తొట్టి మీద పొగ పీల్చే గొట్టాలు పెట్టించింది, కడిగిన నీళ్లకు సున్నం కలిపి తేర్చే తొట్లు కట్టించింది, తేరిన నీళ్లనే మళ్లీ కడగడానికి వాడించింది. ఖాళీ అయిన మందు డ్రమ్ము గేటు దాటకూడదని నియమం పెట్టింది. ప్రతి డ్రమ్మునూ మూడుసార్లు నిండా నీళ్లు పోసి కడగాలి, ఆ నీళ్లు సున్నం తొట్టిలోనే పోయాలి, తరువాత రంపంతో కోసి మందు పంపినవాళ్లకే తిప్పి పంపాలి. బిందెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకునే సీమలో, నిక్షేపంలాంటి డ్రమ్ములను కోసి ముక్కలు చేయడం చూసి మేమంతా ముక్కున వేలేసుకున్నాం.

ఆ కోత పని స్టోరు చూసే పెద్దాయనది. కర్నూలు పాతబస్తీ మనిషి, అందరం చాచా అనే పిలిచేవాళ్లం. చిన్నమ్మాయిగారు చెప్పిన మాటలను మాలో నిజంగా తలకెక్కించుకున్నది ఆయన ఒక్కడే. మాలో ఒక గడుసుది ఆయన రంపం పట్టగానే ఆటపట్టించేది.

“ఏం చాచా, ఈ డ్రమ్ములు నీకు అత్తగారింటోళ్లా, ఇంత కసిగా కోస్తాండావు?”

“అత్తగారింటోళ్లే నయం బేటీ, తిట్టి వదిలేస్తారు. ఇది కడుపులో పడితే వదల్దు.”

ఆడవాళ్లకు నన్ను మేస్త్రీని చేసి, ఖాళీ డ్రమ్ముల షెడ్డు తాళం నాకిప్పించింది కూడా ఆయనే. నాకు చదువు రాదని తెలిసి, డ్రమ్ము మీది కాగితాలు నేను చదవలేనని, పసుపు మందు వచ్చిన ప్రతి డ్రమ్ము మీదా ఎర్ర రంగుతో అడ్డంగా రెండు గీతలు గీసేవాడు. ఆ గుర్తు నాకోసమే పుట్టింది. అది ఉన్నదాన్ని చేతితో కూడా ముట్టవద్దని నాకు పదిసార్లు చెప్పి ఉంటాడు. కాబట్టి నాకు తెలియదు అనడానికి ఏ వైపు నుంచీ దారి లేదు.

ఆ ఏడు వానలు లేవు. ఊరికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది, డ్రమ్ములున్న ఇళ్లవాళ్లు నింపుకునేవారు, లేనివాళ్లు బిందెలు పట్టుకుని కొట్లాడేవారు. మా ఆడబిడ్డకు అప్పుడే కొన్న పాలిచ్చే ఎనుము ఉండేది. దానికి నీళ్లు చాలక ఆమె రోజూ నన్ను పొడిచేది. ఒకరోజు బావి దగ్గర పదిమంది ఉండగా అననే అంది.

“తాళంచెవి మా వదిన కొంగునే ఉండాది. కోసి పారేసే డ్రమ్ము ఒగటి మాకిచ్చేదానికి మాత్రం చేతులు రావు. నేను పని ఇప్పించకపోతే యాడుండేదో.”

నాకు తల కొట్టేసినట్టయింది. మరునాడు అందరూ అన్నాలకు పోయిన వేళ షెడ్డు తెరిచాను. ఉన్న వాటిలో గట్టిగా ఉన్నది ఎర్ర గుర్తుదే. ఇన్నేళ్లూ తుప్పు రుద్దిన తీగె బ్రష్షుతోనే ఆ గుర్తు రుద్దేశాను, ఒక్కచోటే గీతలు పడితే అనుమానం వస్తుందని డ్రమ్మంతా రుద్దాను. మూడుసార్లు నిండా కడగాలని తెలుసు. కానీ ఊళ్లో జనం గుక్కెడు నీళ్లకు అల్లాడుతుంటే ఆరు వందల లీటర్లు ఒక డ్రమ్ము కడగడానికి పారబోయడమా అనిపించి, నాలుగు చెంబులతో తొలిచి, వాసన చూసి, రాలేదని సరిపెట్టుకున్నాను. వెనక కంచె పైనుంచి వంకలోకి జారవిడిస్తే ఆడబిడ్డ భర్త సైకిలుకు కట్టుకుపోయాడు. ఆ సాయంత్రం ఆమె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. ఎంత గర్వపడ్డానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కొత్త పాత్రలో మొదటి నీళ్లు మనుషులు తాగకపోవడం మా వైపు అలవాటు, పశువుకు పోస్తారు. ఆ అలవాటే ఆ ఇంటి పిల్లలను కాపాడింది. మొదటి నీళ్లన్నీ కుడితిలో కలిపి ఎనుముకు పెట్టారు. మూడో రోజుకు అది నోట నురగ కక్కుతూ పడిపోయింది, తెల్లారేసరికి చచ్చిపోయింది. పశువుల డాక్టరు ఆ డ్రమ్ములో చేయి పెట్టి అడుగున ఉన్న పసుపు మరక చూపించాక, ఊరివాళ్లంతా ఆ డ్రమ్మును బండి మీద వేసుకుని కంపెనీ గేటుకు వచ్చారు. వంకలో దొరికిందని ఆడబిడ్డ భర్త చెప్పాడు. నా పేరు ఎత్తలేదు, ఎత్తితే నష్టపరిహారం రాదని అతనికి తెలుసు.

చిన్నమ్మాయిగారు గట్టిగా కూడా మాట్లాడలేదు. డ్రమ్ము మీద గుర్తు ఎందుకు లేదని మాత్రం అడిగింది. చాచా కళ్లద్దాలు తుడుచుకుని, చుట్టూ తిరిగి, వేళ్లతో తడిమి చూశాడు. పసుపు మందు డ్రమ్ముకు గుర్తు పెట్టకుండా ఎన్నడూ వదలలేదన్నాడు. అన్నాడు గానీ గొంతులో సందేహం మొదలైంది. నా వైపు తిరిగాడు.

“బేటీ, నేను దీనికి ఎర్ర రంగు పెట్టినానా లేదా? నువ్వు రోజూ చూసేదానివి, నువ్వే చెప్పు.”

“నాకేం తెలుస్తాది చాచా, సదువు రానిదాన్ని.”

నా నోట వచ్చిన మాట అదే. ఆ గుర్తుకు చదువుతో పని లేదని అక్కడ తెలిసినవాళ్లం ఇద్దరమే. అయినా ఆయన నన్ను అనుమానించలేదు. మరిచిపోయి ఉంటానని మెల్లగా ఒప్పుకున్నాడు. ఎనుము ఖరీదు కంపెనీ ఇచ్చింది. ఆయన్ను పొమ్మని ఎవరూ అనలేదు, చిన్నమ్మాయిగారు ఉండమని బతిమాలింది కూడా. మతిమరుపు మనిషి ఈ పనిలో ఉంటే రేపు ఏ పసిబిడ్డ ప్రాణానికో ముప్పని చెప్పి, వారం తిరగకముందే తనే మానుకున్నాడు. ఎర్ర రంగు డబ్బా నాకప్పగించారు. ఆ తరువాత పదకొండేళ్లు అక్కడే పనిచేశాను. ఒక్క డ్రమ్మును కూడా గేటు దాటనివ్వలేదు. ఒకసారి పెద్దలెవరో వంకా, సున్నం తొట్లూ చూడడానికి వచ్చినప్పుడు, జాగ్రత్తగా పనిచేసే మనిషని నాకు శాలువా కప్పారు. దాన్ని ఇంటికి తెచ్చి ఎవరికీ చూపించలేదు.

పని మానేశాక, అక్షరాలు వచ్చాక, పోయినేడు కోయిలకుంట్లకు వెళ్లాను. అక్కడ ఉంటున్న చాచా కూతుర్ని వెతుక్కుంటూ పోయాను. ఆయన పోయి చాలాకాలమైందట. నాన్నతో పనిచేసిన మనిషినని తెలిసి ఆమె చాప వేసి, టీ ఇచ్చి, ఆయన గురించి చెప్పింది. ఆఖరి ఏళ్లలో తన మతి మీద తనకు నమ్మకం లేకుండా పోయిందట. తలుపు గొళ్లెం పెట్టి మళ్లీ లేచి చూసేవాడట, నమాజు చేసి కూడా చేశానా లేదా అని ఇంట్లోవాళ్లను అడిగేవాడట. డాక్టరు అంతా బాగుందన్నా వినలేదట. నాకు మతిమరుపు ఉంది, నావల్ల ఒక ఎనుము చచ్చింది అనేవాడట. ఆమె చెబుతూ నవ్వింది, పెద్దవాళ్ల చాదస్తం అన్నట్టు. చెప్పడానికే పోయినదాన్ని, టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, బస్సెక్కి వచ్చేశాను.

ఇప్పుడా వంక రాళ్ల ఎరుపు పోయిందట, వాన పడితే నీళ్లు తేటగా పారుతున్నాయట, గొర్రెల కాపరులు మందలను అక్కడే తాపుతున్నారట. అటునుంచి వచ్చినవాళ్లు చెబుతుంటే విని సంతోషపడతాను. మా చిన్నతనంలో నేలను పాడుచేసింది ఎవరో, బాగుచేసింది ఎవరో ఎవరూ అడిగేవారు కాదు, ఇప్పుడు కంపెనీలు అలాంటివన్నీ గోడల మీద రాయించుకుంటున్నాయి, మంచిదే. పాడైన నీళ్లకు సున్నం కలిపి తేర్చే విద్య మనుషులకు తెలిసిపోయింది. నా మాట నమ్మి తన మతిని తానే అనుమానించుకున్న మనిషి మాత్రం, ఆ గుర్తు తాను పెట్టాడని తెలియకుండానే పోయాడు.