సన్యాసి కట్టిన పసుపు గుడ్డ

వట్టివేరంటే మనకు వేసవి తడికెలు, కూజాలో చల్లటి నీళ్లు. మారిషస్‌లో అదే గడ్డితో ఇళ్లు కప్పుకుంటారు, పరుపులు కుట్టుకుంటారు. సముద్రం దాటిన మొక్క కూడా మనిషిలాగే కొత్త కొలువు వెతుక్కుంటుందేమో. నేను తిరిగిన రేవుల్లో ఇలాంటివి చాలా చూశాను గానీ, అవన్నీ మొదలెడితే సన్యాసి అనే ఆ పేరుగల రైతు దగ్గరికి రాను.

సన్యాసిని నేను అక్కడి తెలుగువాళ్ల ఊరు బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో చూసింది 1967లో, ఆ దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది. యాభై దాటిన మనిషి, అప్పటికీ ఆదివారం వస్తే నది గట్టు మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల సైన్యంతో ఈజిప్టు వెళ్లి, తుపాకీ కంటే పారనే ఎక్కువ పట్టినవాడు. పచ్చటి నేలను ఇసుక మింగడం అక్కడ చూశాడు. తిరిగొచ్చి చూస్తే సొంత ఊళ్లో నది అదే పని చేస్తోంది. చెరుకును నీటి అంచుదాకా నాటారు, ప్రతి వానకీ మట్టి జారిపోతోంది.

తన అరెకరంలో గట్టువైపు రెండు సాళ్ల చెరుకు పీకేసి, వేళ్లతో మట్టిని పట్టి ఉంచే వట్టివేరు నాటాడు. తర్వాత పక్కవాళ్ల గట్లు మొదలుపెట్టాడు, కొన్ని అడిగి, కొన్ని అడక్కుండా. చెయ్యమన్నవాడు లేడు, కూలి ఇచ్చినవాడూ లేడు.

"ఏ సోల్దా! జర్మనోళ్లు నదిలోంచి వస్తారా?" అని దుకాణం గుమ్మంలోంచి అరిచేవాడు గోవిందు. సోల్దా అంటే అక్కడి క్రియోల్‌లో సిపాయి.

"వచ్చేవాళ్లు లేరు గోవిందూ. పోయేది నీ పొలం. సలాం కొట్టు."

ఆడవాళ్లతోనే చిక్కు. ఆవుల మేతకని లేతగడ్డి కోసుకుపోయేవారు. బతిమాలాడు, తిట్టాడు. 1959లో ఒక ఉపాయం పన్నాడు. గట్టు మీద తను నాటిన వేపమొక్కకు పసుపు గుడ్డ చుట్టి కుంకుమ పెట్టాడు. అమ్మోరి గుర్తున్న చోట ఎవరు కొడవలి పెడతారు? పెట్టలేదు. నెల తిరిగేసరికి గడ్డి మోకాలెత్తు లేచింది.

సిపాయి లెక్క అక్కడే తప్పింది. మనవాళ్లు అమ్మోరిని చూసి ఊరుకునే జాతి కాదు గదా! గట్టు పక్క పొలం రత్నమ్మది. ఆమె ఆ వేపమొక్క అమ్మోరికి మొక్కుకుంది, కూతురి జ్వరం తగ్గింది. ఒక శుక్రవారం పొద్దున పదిమందిని వెంటేసుకొచ్చి, తల్లి చుట్టూ జెర్రులు చేరకూడదని ఇరవై బారల వట్టివేరు వేళ్లతో సహా పీకి, పేడతో అలికి ముగ్గులేసింది. కొడవలి తాకించలేదు, అంతా చేతులతోనే. వచ్చే శుక్రవారం మిగతా గట్టు కూడా శుభ్రం చేస్తామన్నారు.

తుఫానుల కాలం దగ్గరపడుతోంది. నిజం చెబితే పరువు పోతుంది, దాస్తే గట్టు పోతుంది.

"నోరెత్తకు," అంది భార్య పాపమ్మ. నాకీ కథ చెప్పింది ఆవిడే. "అమ్మోరి పేరు చెప్పి ఆటలాడినావని తెలిస్తే ఊళ్లో నీకు మంచినీళ్లు కూడా ఇవ్వరు."

"నీళ్లు నది ఇస్తాది లే," అని మందిరానికి నడిచాడు.

అక్కడ ఆదివారం భజనకు తాళాలు అందుకున్నారు. పాట ఎత్తేది రామలు, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పెద్దమనిషి.

"రామలన్నా, తాళాలు ఆపు. ఆ గుడ్డ కట్టింది నేను. అమ్మోరు కాదు. గడ్డి కోసరం కట్టినా."

"ఆయో!" రత్నమ్మ లేచింది. "మరి మా పిల్ల జ్వరం తగ్గింది గదా?"

"పిల్లకి తగ్గింది, సంతోసం అక్కా. గట్టుకి పట్టుకుంది."

ఎవరూ నవ్వలేదు. రామలు తాళాలు కింద పెట్టాడు. "తల్లి పేరున అబద్ధమాడినావు, సన్యాసీ. ఇంక అమ్మోరి పండగలో ఘటం నువ్వు ఎత్తవు."

పదేళ్లుగా ఆ పసుపునీళ్ల కుండ సన్యాసి తలమీదే నదికి వెళ్లేది.

"ఎత్తను. గట్టు జోలికి రామని మాత్రం మాట ఇవ్వండి."

మాట ఇచ్చారు. పలకరింపులు మానేశారు. ఆ మధ్యాహ్నమే వాళ్లు అలికిన చోట అతను మళ్లీ పిలకలు నాటడం మొదలుపెట్టాడు, ఒక్కడే.

1960 తుఫానుల గురించి అక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఊరి కప్పులు లేచిపోయాయి, సన్యాసి ఇంటి రేకులూ పోయాయి. పాపమ్మ రేకులు వెతుక్కుంటుంటే అతను నదికి పరుగెత్తాడు. పాత గడ్డి ఉన్నంత మేరా గట్టు నిలిచింది. అలికిన ఇరవై బారలు లేవు. కొత్త పిలకలు, వేపమొక్క, వాటి వెనక రత్నమ్మ చెరుకు ఒక మూల, అన్నీ పోయాయి. "నేను చెప్పలేదా" అనే మాటను మింగగలిగిన పండితుణ్ణి నేనింతవరకు చూడలేదు. సన్యాసి మింగి, పార ఎత్తాడు.

మూడోనాడు రత్నమ్మ గంపెడు పిలకలతో వచ్చింది. పలకరించకుండా కూర్చుని నాటసాగింది.

"ఇంకా లోతు, అక్కా."

"ఇట్లా నోటితో చెప్పకూడదా? గుడ్డలెందుకు?"

"చెప్తే ఇన్నావా?"

"ఇప్పుడు ఇంటన్నా గదా. ఎంత లోతు?"

"మోచేతి దాకా."

రత్నమ్మ గాజులు పైకి తోసుకుని, బురదలోకి చెయ్యి దించింది.