గోడ మీద తడి చెయ్యి

మా బాబాయి గోడలు కోస్తాడు. బాబాయి అంటే మా పిన్ని భర్త. పాత ఇళ్ళలో స్నానాల గది కొత్తగా చేయించుకునేవాళ్ళు పైపులు బయటికి కనపడకూడదంటారు కదా, వాటికోసం మెషిన్‌తో గోడలో గాడి తీయడం ఆయన పని. పిన్ని వెంట ఉండి, దుమ్ము లేవకుండా గోడ తడుపుతుంది, రాలిన పెళ్ళలు గోతాల్లోకి ఎత్తుతుంది.

బాబాయిది మహా పెద్ద నోరు. ఆయన కబుర్లు మొదలుపెడితే వీధి చివరివాళ్ళు కూడా తలుపు తీసి చూస్తారు. ఎదుటివాళ్ళకు సందు ఇవ్వడు. ఎవరైనా మధ్యలో దూరి ఏదైనా అడిగితే మాత్రం నవ్వేసి, అలాగే అలాగే అని తల ఊపుతాడు. ఇంత నెమ్మదైన మేస్త్రీ దొరకడని అందరూ అనుకునేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ.

పాత సున్నపు గోడను కోసేముందు సుత్తి పిడితో తట్టి చూడాలి. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, పూత ఇటుకను వదిలేసిన చోట ఇంకో చప్పుడు. వదిలేసిన చోటును గుల్ల అంటారు. గుల్ల మీద మెషిన్ పెడితే ఆ అదురుకు పూత గోడకు రెండు వైపులా ఊడిపడుతుంది. అందుకే దాన్ని ముందుగా చేత్తో మెల్లగా రాల్చుకోవాలి. బాబాయి గోడకు చెవి ఆనించి తడుతుంటే డాక్టరు గుండె చూస్తున్నట్టే ఉండేది. పిన్ని మగ్గు పట్టుకుని పక్కనే నిలబడి, అక్కడక్కడా గోడ మీద తడి చెయ్యి వేసేది. ఆ మచ్చలున్న చోట బాబాయి మెషిన్ పెట్టేవాడు కాదు. నేను దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

నేను టైలరమ్మ దగ్గర కుట్టుపని చేస్తాను. ఆవిడ ఇల్లే షాపు. స్నానాల గదికీ మేం కుట్టే గదికీ మధ్య ఒకటే గోడ. లోపలి పైపులు కారి కారి మా వైపు చెమ్మెక్కిపోయింది. పని బాబాయికి ఇద్దామని గొప్పగా చెప్పింది నేనే.

ఆ రోజు పొద్దున కుళాయి రాలేదు. పిన్ని బకెట్ తీసుకుని పక్కింటికి వెళ్ళింది. టైలరమ్మ గుమ్మంలోంచి గడియారం చూపించి, తొందరగా కానివ్వమని సైగ చేసి, ముందు గదిలో ఉన్న కస్టమర్ దగ్గరికి వెళ్ళిపోయింది. గోడ అవతల తట్టిన చప్పుడు నాకు వినపడింది. కాసేపటికి మెషిన్ మొదలైంది. ఆ మోతలోనే పిన్ని కేక.

“ఆగు, ఆగు. ఇంకా చూళ్ళేదు.”

మెషిన్ ఆగలేదు. ఏమైందో చూద్దామని నేను లేచి రెండడుగులు వేశానో లేదో, నా వెనక గోడ పూత తలుపంత పెళ్ళగా ఊడి నా కుట్టుమిషన్ మీద పడింది. స్టూలు కాలు విరిగింది. కుట్టి మడతపెట్టిన బట్టలన్నీ సున్నం కింద ఉన్నాయి.

బాబాయి పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూశాడు, స్టూలును చూశాడు. టైలరమ్మ వేలు చూపించి నిలదీసింది. ఆయన గుమ్మంలో బకెట్‌తో నిలబడ్డ పిన్ని వైపు తిరిగాడు.

“గోడ చూసేది ఇదేనమ్మా. సరిగ్గా చూసుకోలేదు.”

పిన్ని కొంగు నడుముకు దోపుకుని పెళ్ళలు ఎత్తడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ మూలాన నా ప్రాణం పోయేదని ఆవిణ్ణి అందరిముందూ అనేశాను. నన్ను స్టూలు మీంచి లేపింది ఆవిడ కేకేనని ఆ క్షణాన తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

టైలరమ్మ బట్టలు దులుపుకుంటూ, తలెత్తకుండా, రేపట్నుంచి ఒక్కడివే రా మేస్త్రీ, ఆవిణ్ణి తీసుకురాకు అంది.

బాబాయి నవ్వాడు. “అలాగేనమ్మా, అలాగే” అని తల ఊపాడు.

పిన్ని చేతులు ఆగిపోయాయి. గోతం గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, తన టిఫిన్ డబ్బా తీసుకుని ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది. టైలరమ్మ పాడైన బట్టలు పట్టుకుని ముందు గదిలోకి నడిచింది.

అదెక్కడికి పోతోందని బాబాయి నన్ను అడిగాడు. నాకు అసహ్యం వేసింది. వంగి పెళ్ళలు తీస్తూనే, నువ్వేగా పంపించేశావ్ అన్నాను. ఆయన మళ్ళీ నవ్వి తల ఊపాడు. ఆ మాటకు నవ్వేవాళ్ళు ఎవరుంటారు? తలెత్తి చూశాను. ఆయన చూస్తున్నది నా కళ్ళలోకి కాదు, నా పెదాల వంక.

“బాబాయ్, నీకు వినపడట్లేదా?”

అది మాత్రం అర్థమైంది. చేతిలో సుత్తిని అటూ ఇటూ తిప్పాడు. ఏళ్ళ తరబడి చెవి పక్కనే మెషిన్ మోత, కొంచెం కొంచెంగా పోయిందన్నాడు.

“తెలిస్తే ఎవరు పిలుస్తారే నన్ను? చెవిటాడికి గోడ అప్పజెప్తారా?”

పిన్నికి చెప్పావా అని అడిగాను. చెప్పలేదట. ఆవిడా అడగలేదట. ఒకరోజు ఆయన తట్టిన చోట తడి చెయ్యి వేసిందట, అంతే. అప్పట్నుంచీ గోడలు వింటున్నది ఆవిడ. ఆయన ఊరికే చెవి ఆనిస్తున్నాడు.

టైలరమ్మ ఏమందో, తను దేనికి తల ఊపాడో, ఒక్కో మాటే నెమ్మదిగా చెప్పాను. ఆయన ఆ పెళ్ళల కుప్ప మీదే కూలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తాడు.

పిన్నిని ఎలా ఒప్పించాడో నాకు తెలియదు. ఇద్దరూ వచ్చి టైలరమ్మ ముందు నిలబడ్డారు. పిన్ని రెండడుగులు వెనక, మొహం పక్కకు తిప్పుకుని ఉంది.

“అమ్మా, నాకు చెవులు వినపడవు. గోడ తట్టింది నేనే, ఇది నీళ్ళకెళ్ళింది. అబద్ధం చెప్పాను.”

టైలరమ్మ చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి, “ఆ మాట నాకెందుకు? ముందు ఆవిడతో అను” అంది.

బాబాయి ఈసారి నవ్వలేదు. తల ఊపలేదు. పిన్ని వైపు తిరిగి, ఏమన్నారని అడిగాడు. పది మందిలో ఆయన ఆ ప్రశ్న వేయడం నేను వినడం అదే మొదలు.

పిన్ని ఆయనకు కనపడేలా నోరు బాగా తెరిచి చెప్పింది. “ఏం లేదు. చెత్త ఎత్తేసి పని చూసుకోమన్నారు.”

ఆయన నమ్మి గోతం అందుకున్నాడు. నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. వెళ్ళి ఆయనకు ఎదురుగా నిలబడి, టైలరమ్మ అన్న మాటను ఉన్నదున్నట్టు చెప్పాను. గోతం చేతిలోంచి జారిపోయింది.

పాపం, రహస్యంగా చెబుదామనే పిన్ని చెవి దాకా వంగాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకేం తెలుసు?

“తప్పయిపోయిందే. నా తప్పు నీ నెత్తిన పెట్టాను.”

వీధి చివర తలుపులు తెరుచుకున్నాయి. పిన్ని కంగారుగా చేత్తో ఆయన నోరు మూసింది. ఆయన ఆ చేతిలోనే ఇంకోసారి అన్నాడు.