పడిందా, తడిసిందా?

మా ఆయన ముక్కుసూటి మనిషి. బయటివాళ్ళు ఈ మాట మెచ్చుకోలుగా అంటారు. కాపురం చేసేదాన్ని నేను కాబట్టి నాకది మెచ్చుకోలులా వినిపించదు. ఆయన కెమెరాలు బాగుచేస్తారు. రీళ్ళ కాలంలో మొదలుపెట్టి డిజిటల్ దాకా వచ్చారు. మా ఇంటి ముందు గదే కొట్టు. కౌంటర్ దగ్గర కూర్చుని కెమెరాలు తీసుకునేది నేను, వెనక బల్ల మీద దీపం కింద వాటిని విప్పేది ఆయన.

ఏ కెమెరా వచ్చినా ఆయన అడిగేది ఒకటే. "పడిందా, తడిసిందా?" అవునన్నవాళ్ళని నేను చూడలేదు. ఇసుక రాలుతున్న కెమెరా పట్టుకొచ్చి "బీరువాలోంచి తియ్యనేలేదండీ" అంటారు. మూల చొట్టపోయి ఉంటుంది, "కొన్నప్పటినుంచీ అంతే" అంటారు. పోనీలే అని బాగుచేసిచ్చి ఊరుకుంటే ఏం పోయింది? ఊరుకోరు. చొట్ట మీద వేలుపెట్టి "మీరు పడేశారు" అని మొహం మీదే చెబుతారు. ఎందుకండీ అంటే, "ఏమయిందో చెప్పకపోతే ఎక్కడని విప్పను?" అంటారు. అలా మొహం మాడ్చుకుని వెళ్ళి మళ్ళీ రాని వాళ్ళతో ఇంకో కొట్టు నడపొచ్చు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఒకరోజు పొద్దున్నే మా కొట్టుకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దావిడది మా వీధి చివరి ఫోటో స్టూడియో. భర్త పోయిన దగ్గర్నుంచి ఒంటిచేత్తో దాన్ని నడిపిన మనిషి. ఎంతటివాడైనా ఆవిడ ముందు "గడ్డం కొంచెం దించు" అనిపించుకోవలసిందే. రెండో ఆమె కోడలు. కొడుకు బస్సు నడుపుతాడు, ఫోటోల జోలికి రాడు. అందుకని కోడలికే పని నేర్పి, స్టూడియో ఆ పిల్లకే అప్పగిస్తానని పెద్దావిడ అందరితో చెప్పుకునేది.

"నాయనా, నిన్నటినుంచి ఇది ఆన్ కావటం లేదు," అంటూ పెద్దావిడ కెమెరాని కౌంటర్ మీద పెట్టింది.

మా ఆయన తన ప్రశ్న తాను వేశారు.

"పడిందండీ. నేనే పడేశాను," అంది కోడలు.

నేను తలెత్తి చూశాను. మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ మాట మా కొట్టులో పుట్టటం అదే మొదలు.

"చూశావా అమ్మా," అని పెద్దావిడ నావైపు తిరిగింది. "అడగ్గానే ఒప్పేసుకుంటుంది, ఏ భయమూ లేదు. మొన్నామధ్య ఫ్లాష్ విరగ్గొట్టింది. బడిపిల్లల గ్రూపు ఫోటో నేను తీస్తే మసకమసకగా వచ్చింది. ఎందుకా అంటే, లెన్సు సరిగ్గా తుడవలేదట. అదీ ఇదే చెప్పింది. మాకు కూడు పెట్టే వస్తువమ్మా ఇది. నా చెల్లెలి కొడుకు స్టూడియో ఇవ్వమని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. ఇక వాడికే ఇచ్చేస్తాను. దీన్ని మళ్ళీ కెమెరా ముట్టుకోనిస్తే అప్పుడడుగు."

కోడలు నోట్లో నాలుక లేనట్టు నేల చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. నలుగురిలో పెట్టి కడిగేస్తున్న అత్త మీద ఎంతో, మారుమాట్లాడని ఆ పిల్ల మీదా అంతే.

మా ఆయన పనిలో పడ్డారు. ఛార్జింగ్ ఉన్న మా బ్యాటరీ ఒకటి వేసి చూశారు, ఆన్ కాలేదు. మెమరీ కార్డు తీశారు, లెన్సు విప్పారు, అయినా లాభం లేదు. పడిన కెమెరాకి ఎక్కడో ఓ దెబ్బ కనబడాలి. భూతద్దం పెట్టి అన్ని మూలలా వెతికితే ఒక్క గీత లేదు. తర్వాత బ్యాటరీ మూత తెరిచి చాలాసేపు అందులోకే చూస్తూ కూర్చున్నారు. ఆ మూత అంచున బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. మూత వేసినప్పుడు అది లోపలి మీటని నొక్కితేనే కెమెరాకి కరెంటు అందుతుంది. ఆ ముక్క విరిగిపోయింది. అగ్గిపుల్లతో మీటని నొక్కిపట్టి స్విచ్ వేస్తే కెమెరా వెలిగింది.

ఆయన దాన్ని కౌంటర్ దగ్గరికి తెచ్చి, "ఇది పడలేదు," అన్నారు.

నేను ఆయన కాలు తొక్కాను. అత్తాకోడళ్ళ మధ్య దూరితే చివరికి చెడ్డయ్యేది మనమే. ఆయనకి ఎక్కితేగా.

"బ్యాటరీని తిరగేసి పెట్టి, మూత పడకపోతే గట్టిగా నొక్కారు. మూత విరిగింది. లోపల గీతలు చూస్తే ఒక్కసారి చేసినట్టు లేదు."

"నేనే పెట్టానండీ, తొందరలో," అంది కోడలు.

"పడేశానన్నావు కదమ్మా ఇందాక?"

మా ఆయన బ్యాటరీ తీసి ఆ పిల్ల చేతికిచ్చి పెట్టమన్నారు. చూడకుండానే సరిగ్గా పెట్టేసింది. మళ్ళీ తీసి పెద్దావిడకిచ్చారు.

"నాకు నేర్పుతావా నాయనా?" అని నవ్వుతూ తీసుకుంది ఆవిడ.

"దానిమీద బాణం గుర్తు ఉంటుంది కదండీ. ఎటు ఉందో చూసి పెట్టండి."

ఆవిడ బ్యాటరీని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. దూరం జరిపింది. వెలుతురు వైపు తిప్పింది. చివరికి తిరగేసే దూర్చి, మూత పడకపోతే బొటనవేలితో అదమబోయింది. కోడలు చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"అటు కాదు అత్తయ్యా."

పెద్దావిడ మూత మీంచి వేలు తీసి అడిగింది. "ఆ గ్రూపు ఫోటో?"

"లెన్సు శుభ్రంగానే ఉంది అత్తయ్యా."

"ఫ్లాషూ నేనేనా?"

కోడలు తలూపింది.

"వాళ్ళ ముందూ వీళ్ళ ముందూ అన్నేసి మాటలన్నానే. ఒక్కసారైనా నోరు విప్పొద్దా?"

"విప్పితే మీరు కెమెరా పక్కన పెట్టేస్తారు. అది లేకుండా మీరెలా ఉంటారు?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి, దాచుకోవటం దేనికి. స్టూడియో చెయ్యిజారిపోతోందని తెలిసీ ఆ పిల్ల కిక్కురుమనలేదు. మా ఆయన మాత్రం, "కొత్త మూత తెప్పించాలి, ఆలస్యమవుతుంది. కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం ఇవాళే వెళ్ళండి," అన్నారు. ఆయన మాటతీరే అంత. ఈసారి నేను కాలు తొక్కలేదు.

రశీదు రాసి పెద్దావిడకి ఇవ్వబోయాను. "దానికివ్వు. స్టూడియో దానిది," అంది. నిటారుగా గుమ్మం దాకా నడిచి అక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరగకుండానే చెయ్యి పక్కకి చాపింది.

"పట్టుకోవే," అంది కోడలితో. "నాకు మెట్లు కనబడటం లేదు."