మోదుగాకుల మనిషి

వేడన్నం పడగానే మోదుగాకు విస్తరి నుంచి లేచే ఆ వగరు వాసన నాకిప్పటికీ గిట్టదు. మొన్న పెద్దపల్లిలో ఒక పెళ్లి భోజనంలో అది ముక్కుకు తగిలిందో లేదో, మంథనిలో మా ఇంటి అరుగు మీద మళ్లీ పదేళ్ల పిల్లనై నిలబడ్డాను.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, బొంబాయి మీదుగా ఓడలో పనికని హాంకాంగ్ పోయి పన్నెండేళ్లు ఉత్తరం ముక్క రాయలేదు. ఇక లేడనుకుని, ఆనవాయితీ ప్రకారం మూడువందల అరవై మోదుగ కాడలతో మనిషి బొమ్మ కట్టి, గోదావరి ఒడ్డున బాపు చేత దహనం చేయించారు. ఊరంతా కొత్త ఆవకాయ ఘాటుతో నిండిన రోజుల్లో మా ఇంట్లో మాత్రం ఆకులు కాలిన పొగ వాసన. ఆ ఏడే రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో ఆయన పేరు కొట్టేశారు.

రెండెండాకాలాలు గడిచాక, నేను అరుగు మీద అచ్చనగండ్లు ఆడుతుంటే ఆయన బస్సు దిగి నడిచి వచ్చాడు. అచ్చం బాపు ముఖమే. భయంతో నా చేతిలోని గండ్లు జారిపోయాయి.

అక్కడే పెళ్లి చేసుకున్నాడట, ఒక కూతురట. ఇంగ్లిషువాళ్లు ఆ ఊరిని చైనాకు అప్పజెప్పి పోతున్నారట. తాను ఎక్కడ పుట్టాడో కాగితం చూపితే తప్ప ఆ పిల్ల ఏ దేశానికీ చెందదట. చనిపోయినట్టు రాసిన మనిషికి కాగితం కావాలంటే కన్నతల్లే వచ్చి చెప్పాలన్నాడు తహసిల్దారు.

ఆ కన్నతల్లి, మా బాపమ్మ, ఆయన్ను గడప దాటనియ్యలేదు. రోజూ మధ్యాహ్నం తద్దినం వంటే చేసి, మినప గారెలు, నువ్వులుండలు, అల్లం పచ్చడి మోదుగాకులో పెట్టి నాతో అరుగు మీదికి పంపేది. ఆయన తింటున్నంతసేపూ గోడ మీద కాకులు కదలకుండా చూస్తుండేవి.

"అమ్మా, నేనే," అనేవాడు తలుపు వైపు తిరిగి.

"నా కొడుకును గోదాట్ల కలిపిన. గీయన ఎవలో, తిని పోనీ," అని లోపలి నుంచి జవాబు.

తొమ్మిదోనాడు ఆయన కూతురి ఫోటో తీసి, తిన్న విస్తరికి బదులు నా చేతిలో పెట్టి లోపలికి పంపాడు. ఆ పిల్ల చెంప మీద బాపమ్మ సొట్టే ఉంది. బాపమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసి, తెల్లారి తానే తహసిల్ కచేరీకి నడిచింది. చిన్నబాపు వైపు చూడకుండానే, తహసిల్దారు ముందు బొటనవేలు సిరాలో అద్దింది.

"పిల్ల కోసం రాసుకో బిడ్డా, బతికే ఉన్నడని. నాకైతే పోయిండు."

ఆయన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. బాపమ్మ బతికినన్నాళ్లూ ఏటా ఆయన తద్దినం మానలేదు.

ఆ అరుగు లేదు, బాపమ్మ లేదు, మా ఇంట ఆకులు కుట్టేవాళ్లూ లేరు. పోయిన నెల ఆ కూతురు ఫోన్ చేసి, నాన్న చనిపోయాడని, మీ పద్ధతిలో ఏమేం చెయ్యాలో చెప్పమని అడిగింది. ఇక్కడ చెయ్యాల్సినవన్నీ ఆయన ఆ అరుగు మీద గారెలు తినకముందే అయిపోయాయి.