మాస్టారి ఆఫీసు కాపీ

మొన్న సోమవారం పొద్దున్న మా చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మన మాస్టారు ప్రభువునందు నిద్రించారు అని. అప్పుడే షట్టరెత్తి ప్రింటర్లో కాగితాలు సర్దుతున్నాను. నమ్మలేదు. పోయారన్నందుకు కాదు, ఎనభై దాటిన మనిషి. సోమవారం పోయారన్నందుకు. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. రిటైరైనప్పటి నుంచి ఆయన ఒక్క సోమవారం మానింది లేదు. ఆ ‘నిద్రించారు’ కూడా నాకు నచ్చలేదు. మండలాఫీసు బెంచీ మీద చుట్టూ అందరూ గుర్రు పెడుతున్నా మధ్యాహ్నం మూడింటి దాకా రెప్ప వాల్చని మనిషి. షట్టరు సగం దించుకుని, ఆయన కూర్చునే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

పాలకొల్లు వెళ్ళే రోడ్డు మీద, మండలాఫీసుకి ఎదురుగా నాదొక డీటీపీ షాపు. జిరాక్సు కూడా తీస్తాను. మాస్టారు మిషన్ స్కూల్లో నాకు సోషల్ చెప్పారు. ఆ రోజుల్లో నోట్సు ఎలా చెప్పేవారో ఇరవై ఏళ్ళుగా నా షాపులో అర్జీలూ అలాగే చెప్పేవారు. కామాలు, ఫుల్‌స్టాపులు అన్నీ గట్టిగా పలికేవారు. ఆ అలవాటు చివరికి టీకొట్టు దాకా వచ్చింది. “టీ ఒకటి కామా పంచదార లేకుండా ఫుల్‌స్టాపు” అనేవారు. కొట్టువాడు ఆ రెండు మాటలూ తీసేసి టీ ఇచ్చేవాడు.

అర్జీ రాయడానికి ఆయనకి పద్ధతులుండేవి. అర్జీ ఒక పేజీ దాటకూడదు. దాటితే ఎవరూ చదవరు, దాటకపోయినా చదవరు గానీ మనకి కాగితం మిగులుతుంది అనేవారు. రెండోది ఆఫీసు కాపీ. అసలు కాగితం ఇచ్చాక రెండో ప్రతి మీద ‘అందినది’ అని రాయించుకుని సంతకం పెట్టించుకోనిదే గుమ్మం దిగేవారు కాదు. “అసలుది వాళ్ళదమ్మాయ్, అది పోతుంది. ఆఫీసు కాపీ మనది, అది ఉంటుంది.” దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకునేవారు. ఇంట్లో అమ్మగారు చొక్కా ఉతికేముందు జేబులు తడుముకోవాల్సి వచ్చేది. రెండుసార్లు మర్చిపోయి రోడ్ల సమస్య ఒకటి, మురుక్కాలవ సమస్య ఒకటి సర్ఫు నీళ్ళలో నానబెట్టేశారు. ప్రభుత్వం కంటే మా ఆవిడే నయం, కనీసం నానబెట్టింది అన్నారు మాస్టారు.

మూడో పద్ధతి చెబితే నవ్వుతారు. ఎమ్మెల్యే గారు ఆఫీసులో దొరకరు. పెళ్ళిలో దొరుకుతారు గానీ ఫొటోల గోల. చావింట్లో అయితే కచ్చితంగా పది నిమిషాలు కూర్చుంటారు, ఫోనెత్తరు, పారిపోవడానికి మొహమాటపడతారు. అందుకని మాస్టారు నియోజకవర్గంలో ఏ ఇంట్లో ఎవరు పోయినా వెళ్ళేవారు. తెలిసినవాళ్ళా కాదా అని చూసేవారు కాదు. వెళ్ళి ఆ ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకుని నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ఆ తర్వాత ఎమ్మెల్యే గారి పక్క కుర్చీలో కూర్చుని జేబులోంచి అర్జీ తీసేవారు. ఇన్నేళ్ళలో ఎమ్మెల్యేలు మారారు, పార్టీలు మారాయి, “చూద్దాం మాస్టారూ” అనే జవాబు మాత్రం మారలేదు.

ఒకసారి షామియానా, కుర్చీలు, ఎమ్మెల్యే గారి కారు చూసి, పూలదండ కొనుక్కుని మరీ ఒకింట్లోకి వెళ్ళారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన భుజం మీద చెయ్యివేసి, ఎప్పుడు జరిగిందండీ అని అడిగారు. పదింటికే అయిపోయిందండీ అన్నాడాయన. ధైర్యంగా ఉండండి, ఎవరికైనా తప్పదు కదా అన్నారు మాస్టారు. ఆడపిల్లన్నాక తప్పదు కదండీ, భోంచేసి వెళ్ళండి అన్నాడాయన. లోపల ఆయన మనవరాలికి ఓణీల ఫంక్షను. మాస్టారు ఏమాత్రం తొణక్కుండా ఆ దండ ఎమ్మెల్యే గారి మెడలో వేసి, అర్జీ ఇచ్చి, పులిహోర తిని వచ్చారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఊరి బయట రొయ్యల షెడ్డు ఉంది. రొయ్యల తలలు తీసి, ఐసు వేసి, ఎగుమతికి పంపుతారు. పన్నెండేళ్ళుగా ఆ పని మా వాళ్ళదే. చర్చి వీధి ఆడవాళ్ళూ, రేవు దగ్గరి ఆడవాళ్ళూ పొద్దున్నే రబ్బరు బూట్లేసుకుని వెళ్ళేవారు. నిరుడు కాంట్రాక్టరు మారాడు. కొత్తవాడు ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని తెచ్చి షెడ్డు వెనక రేకుల గదుల్లో పెట్టాడు. మా వాళ్ళని రావద్దన్నాడు. వచ్చినవాళ్ళు సరిహద్దు దాటి దొంగతనంగా వచ్చారని, ఒక్కరికీ కాగితాల్లేవని ఊళ్ళో ఒకటే మాట. పని పోయినవాళ్ళందరి తరఫునా మరియమ్మ మాస్టారి దగ్గరికొచ్చింది. మరియమ్మంటే చర్చిలో పాట ఎత్తుకునే మనిషి, షెడ్డులో తలలు తీయడంలో ఆవిడ చేతివేగం ఇంకెవరికీ లేదు.

“మాకు వేరే పని రాదండి మాస్టారూ. మా పని మాకు ఇప్పించండి” అంది.

ఆయనకి కోపమొచ్చింది. నాకూ వచ్చింది, దాచడమెందుకు. ఆ వేడిలో ఆయన చెప్పారు, నేను టైపు చేశాను: “ఎటువంటి కాగితాలు లేకుండా అక్రమంగా ఉంటున్న సదరు వ్యక్తులను వెంటనే అదుపులోకి తీసుకుని, స్థానికుల పొట్ట కొడుతున్నందుకు కఠిన చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన.” బాగా వచ్చిందని ఇద్దరం ముచ్చటపడ్డాం. ఎమ్మెల్యే గారు ఒక చావింట్లో అది తీసుకుని, ఆధారం ఏదైనా ఉందా మాస్టారూ అన్నారట.

ఆధారం కావాలంటే మాస్టారికి తెలిసిన దారి ఒకటే. పాత హాజరుపట్టీ ఒకటి తీసి షెడ్డు గేటు దగ్గర నిలబడ్డారు. పని దిగి బయటికొచ్చేవాళ్ళని వరసలో నిలబెట్టి పేరు, ఊరు, కాగితం ఉందా లేదా అని రాసుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడో పాసైన పరీక్షల హిందీ ఆయనది, అందులో అన్నీ పుస్తకాల మాటలే. వాళ్ళకి సగం అర్థమయ్యేది కాదు. కానీ హాజరు ఏ దేశంలోనైనా హాజరే. వారం తిరక్కుండా ఆయన పేరు పిలిస్తే “ప్రెజెంట్ సార్” అనడం నేర్చుకున్నారు. ఎవరైనా కనబడకపోతే జ్వరమా అని ఈయన కంగారుపడేవారు. అమ్మగారు చేసిన జంతికల డబ్బా కూడా గేటుకి వెళ్ళడం మొదలైంది. అక్రమంగా వచ్చినవాళ్ళని పట్టుకోడానికి జంతికలెందుకండీ అన్నాను. ఖాళీ కడుపుతో ఎవరూ నిజం చెప్పరమ్మాయ్ అన్నారు.

తేలిందేమిటంటే, ఎక్కువమంది మన దేశంవాళ్ళే. వాళ్ళ ఆధార్ కార్డులన్నీ కాంట్రాక్టరు తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. నలుగురికి మాత్రం నిజంగానే ఏమీ లేవు. అందులో ఒక అమ్మాయిని నీ ఊరేదని అడిగితే, నది కోసుకుపోయింది అందట. గోదావరి గట్టున పుట్టిన మనిషి కాబట్టి ఆ మాట విన్నాక రెండో ప్రశ్న అడగలేకపోయారు. ఆ నలుగురి పేర్ల పక్కనా పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుని వచ్చేశారు.

ఈలోగా మరియమ్మ ఆగలేకపోయింది. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద గల్ఫు వెళ్ళింది. మూడు నెలల్లో వీసా అయిపోయింది, పాస్‌పోర్టు ఆ ఇంటి యజమానురాలి దగ్గర ఉండిపోయింది. పంపించమంటే పంపదు, బయటికొస్తే పోలీసులు పట్టుకుంటారు. ఆమె భర్త ఏసోబు నా షాపుకొచ్చి ఫోన్లో ఆవిడ గొంతు వినిపించాడు. మాస్టారికి చెప్పమని అడుగుతోంది. చర్చిలో పాట ఎత్తుకునే గొంతు అది. వినలేకపోయాను.

ఆ వారం మాస్టారికి కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని వచ్చి రెండు ముక్కలు చెప్పి, మిగతాది మామూలుగా వేసెయ్యి అమ్మాయ్ అన్నారు. మామూలుగా అంటే మా వృత్తిలో ఒకటే అర్థం. పాత ఫైలు తెరిచి, పేరు మార్చి, ప్రింటు కొట్టడం. షెడ్డు అర్జీ తెరిచాను. ‘వ్యక్తులను’ ఉన్నచోట ‘మరియమ్మను’ అని మార్చాను. పైన ఆయన చెప్పిన రెండు ముక్కలూ చేర్చాను. కింద పేరా చదవలేదు. ఆయన వేలితో తడుముకుని సంతకం పెట్టారు.

మూడోరోజు మాస్టారు నా షాపులో ఉండగా ఎమ్మెల్యే గారి పీఏ నుంచి ఆయనకి ఫోన్ వచ్చింది. కళ్ళు కనబడక స్పీకర్ పెట్టమన్నారు. పీఏ నవ్వు ఆపుకుంటున్నాడు.

“మాస్టారూ, ఈవిణ్ణి తీసుకురమ్మంటారా, లోపల వేయించమంటారా?”

అని, కింద పేరా చదివాడు. ఎటువంటి కాగితాలు లేకుండా అక్రమంగా ఉంటున్న సదరు మరియమ్మను వెంటనే అదుపులోకి తీసుకుని, స్థానికుల పొట్ట కొడుతున్నందుకు కఠిన చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన. తప్పు నాదేనండీ, పాత ఫైలులో వేసేశానండీ అని ఏడుపు మొదలుపెట్టాను. మాస్టారు ఫోను పెట్టేశారు. ఆ నల్లద్దాల వెనక ఏముందో నాకు తెలియలేదు.

“నువ్వు పేరొక్కటే మార్చావమ్మాయ్. ఆ పేరా నాదే” అన్నారు. “పేరు మారితే గానీ నాకు వినపడలేదు.”

చిత్రమేమిటంటే, ఆయన జన్మలో ఎవరైనా పూర్తిగా చదివిన అర్జీ అదొక్కటే. పీఏ ఎమ్మెల్యే గారికి చదివి వినిపించాడు. ఆయన నవ్వి, ఎంపీ గారికి చెప్పి నవ్వించారు. నవ్విన పాపానికి ఎంపీ గారు ఒక ఉత్తరం రాశారు. ఎంబసీలో కదలిక వచ్చింది. నాలుగు నెలలకి మరియమ్మ ఇంటికొచ్చింది. బాగా రాసిన అర్జీలకి రాని జవాబు తప్పుగా వేసినదానికి వచ్చిందని మాస్టారు పగలబడి నవ్వారు.

ఇల్లు చేరింది గానీ మరియమ్మకి పని లేదు. అది మాస్టారిని తొలిచేసింది. కోపం పోలేదమ్మాయ్, అడ్రసు మారింది అన్నారు. షెడ్డు అర్జీ మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి కొత్త ఫైలు తెరిపించారు. కాంట్రాక్టరు బీరువాలో ఉన్న కార్డులు ఎవరివి వాళ్ళకి ఇప్పించాలి. బయటివాళ్ళకైనా ఊరివాళ్ళకైనా ఒకే కూలి ఉండాలి, అప్పుడు చవగ్గా దొరుకుతారని దూరం నుంచి మనుషుల్ని తోలుకురావాల్సిన పనుండదు. పని పోయినవాళ్ళని తిరిగి తీసుకోవాలి. కాగితాల్లేని నలుగురి సంగతి చట్టప్రకారం విచారించాలి, మనుషులుగా విచారించాలి. ఈ ఆఖరి ముక్క నాతో రెండుసార్లు టైపు కొట్టించారు. ఒక పేజీలో పట్టలేదు, అక్షరాల సైజు తగ్గించాను. సంతకం పెట్టి, ఇవ్వడానికి చావేదైనా ఉందేమో వాకబు చెయ్యమన్నారు. ఆ వారం నియోజకవర్గంలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. ఆ అర్జీ నా సొరుగులోనే ఉండిపోయింది.

అందుకే సోమవారం నా ఏడుపు అయ్యాక ముందు సొరుగు తెరిచాను. రెండు ప్రతులూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ముంగిట్లో పెట్టె. మాస్టారు తెల్లచొక్కాలో ఉన్నారు. ఒక పక్క మా వీధివాళ్ళు, ఇంకో పక్క పని మానుకుని వచ్చిన షెడ్డువాళ్ళు. నది కోసుకుపోయిన ఊరి అమ్మాయి కూడా వచ్చింది. మరియమ్మ పాట ఎత్తుకుంది. పదకొండింటికి ఎమ్మెల్యే గారు వచ్చి, దండ వేసి, కుర్చీలో కూర్చున్నారు. మరియమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ పాట మిగతావాళ్ళకి వదిలేసి నా పక్కకొచ్చింది. ఇద్దరం వెళ్ళి కవరిచ్చాం.

“ఇక్కడ కూడానా అమ్మా?” అన్నారాయన.

“ఇక్కడైతే పది నిమిషాలు కూర్చుంటారని మాస్టారే చెప్పారండి” అన్నాను.

ఆయన పెట్టె వైపు చూశారు. నవ్వాలో వద్దో తెలియక మూతి బిగించుకున్నారు. కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆ చిన్న అక్షరాలన్నీ చివరిదాకా చదివారు. పాస్టరు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. మళ్ళీ సోమవారం లోగా లేబర్ ఆఫీసర్ని తీసుకుని నేనే షెడ్డుకి వస్తాను అన్నారు ఎమ్మెల్యే గారు. మరియమ్మ రెండో ప్రతి ముందుకు చాపింది.

“ఆ మాట దీనిమీద రాసివ్వండి బాబుగారూ. ఆయన ఊరుకోరండి.”

రాశారు. ‘అందినది’ అని పైన, ఆ మాట కింద, ఆ కింద సంతకం, తేదీ. అప్పుడు అమ్మగారు కుర్చీలోంచి లేచి చెయ్యి చాపారు. ఆఫీసు కాపీ ఆయన ఇంకొకళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంచలేదమ్మా అన్నారు. అది పెట్టెలోకి వెళ్ళిపోతే మా చేతిలో ఏమీ మిగలదు. మూత వెయ్యడానికి మనుషులు వచ్చి నిలబడ్డారు. ఒక్క నిమిషం ఆగండి అని, ఆ కాగితం పట్టుకుని వీధి దాటి నా షాపుకి పరిగెత్తాను. మెషిన్ వేడెక్కడానికి ఎంత సేపు పడుతుందో ఆ రోజే తెలిసింది. రెండు జిరాక్సులు తీసుకుని వచ్చేసరికి, ఎమ్మెల్యే గారితో సహా అందరూ అలాగే నిలబడి ఉన్నారు.

ఒక జిరాక్సు మరియమ్మకిచ్చాను. ఒకటి నా సొరుగులో ఉంది. సంతకమున్న ఆఫీసు కాపీని అమ్మగారు నాలుగు మడతలు పెట్టి, ఎప్పుడూ తీసే చేత్తోనే, మాస్టారి చొక్కా జేబులో పెట్టారు. మూత వేసేముందు చూశాను. జేబు అంచు మీంచి ఎమ్మెల్యే గారి నీలం సిరా సంతకం సగం బయటికి కనబడుతోంది.