పరీక్షకు బదులు అడిగితే

పీహెచ్‌డీలో చేరినవాళ్లు థీసిస్ మొదలుపెట్టే ముందు ఒక రాత పరీక్ష గట్టెక్కాలి. దాన్ని ప్రీ-పీహెచ్‌డీ అంటారు. రెండు పేపర్లు. ఒక్కో దానికి మూడు గంటలు కూర్చుని, అర్థశాస్త్రమంతా మన తలలోనే ఉందని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని నమ్మించాలి. ఆ పరీక్ష మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నేను పాసయ్యాను కూడా. పాసైనవాళ్లు ఇంకా ఎందుకు ఏడుస్తున్నారంటారు, తప్పినవాళ్లు తప్పారు కాబట్టి ఏడుస్తున్నారంటారు. ఇక వినేదెవరు?

ఎలా రాయాలో సీనియర్లు ముందే చెప్పి పెట్టారు. జవాబు నిండా సైడ్ హెడింగులు పెట్టాలి, వాటి కింద స్కెచ్ పెన్నుతో గీతలు గీయాలి, అడిషనల్ షీట్లు అడిగి తీసుకోవాలి, చివర ‘ముగింపు’ అని ఒక పేరా తగిలించాలి. నేను అచ్చం అలాగే చేశాను. ఇందల్వాయి నుంచి బస్సులో నిలబడి బట్టీ పట్టిన గైడు పుస్తకాన్ని హాల్లో కక్కేసి ఇంటికి పోయాను. అందులో ఒక్క ముక్క కూడా ఇప్పుడు గుర్తులేదు.

నాతోపాటు చేరిన అక్కకు అది చేతకాలేదు. అక్క అంటే తోడబుట్టింది కాదు, నాకంటే వయసులో పెద్దదని అలా పిలిచేదాన్ని. వాళ్లది మోస్రా దగ్గర రైతు కుటుంబం. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేది. బోధన్ చుట్టుపక్కల చెరకు పోయి వరి వచ్చాక, చెరకు తోటల్లో పనిచేసిన ఆడవాళ్లు ఏమైపోయారన్నది ఆమె పరిశోధన. ఆ సంగతి ఎత్తితే చేతిలో చాయ్ చల్లారిపోయినా చూసుకునేది కాదు. ప్రశ్నపత్రం చేతికిస్తే మాత్రం, నోటితో మనకు ఎలా చెప్పేదో అలాగే రాసేది. ఒక పొలం దగ్గర, ఒక మనిషి దగ్గర మొదలుపెట్టి నింపాదిగా రాసుకుంటూ పోతే, సగం ప్రశ్నలు మిగిలి ఉండగానే గంట కొట్టేవాళ్లు. మొదటి పేపర్ ఎలాగో పాసైంది. రెండోది రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు.

“నాకు తెల్వక కాదు చెల్లె. గంత ఉరుకులాట మీద చెప్పనీకి వస్తలేదు” అంది ఒకరోజు బస్టాండ్ ముందు హోటల్లో.

రాత పరీక్షకు బదులు ఇంకోటి అడుగుదామన్న ఆలోచన ఆమెదే. ఎవరి అంశం మీద వాళ్లు ఇంటి దగ్గర తీరిగ్గా చదివి ఒక వ్యాసం రాయాలి. తర్వాత డిపార్ట్‌మెంట్ అందరి ముందూ సెమినార్ ఇవ్వాలి. ఎవరైనా ఏమైనా అడగొచ్చు. “గైడు సూసి రాసేటోడు గాడ దొరుకుతడు” అంది నవ్వుతూ. అంతకంటే న్యాయమైనది నాకూ తోచలేదు. వినతిపత్రం రాసి సంతకాలకు తిరిగాం. పాసైనవాళ్లలో కొందరు మేం పడ్డ బాధ వీళ్లూ పడనీ అన్నట్టు మొహం తిప్పుకున్నారు. డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ మాత్రం పూర్తిగా చదివి, “మంచి ఆలోచనమ్మా” అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరం మిర్చీలు తిని సంబరపడ్డాం.

కొన్ని నెలలకు నోటీసు బోర్డు మీద కొత్త నిబంధనలు అంటించారు. సెమినార్ వచ్చింది. రాత పరీక్ష పోలేదు. రెండూ ఉంటాయట. పైగా కొత్త పద్ధతిలో అన్నీ ఒకేసారి పాసవ్వాలి కాబట్టి, అక్క అంతకుముందు పాసైన పేపర్ కూడా చెల్లదట. తప్పిన రెండుసార్లు మాత్రం లెక్కలోనే ఉంటాయట.

హెడ్ సార్ దగ్గరికి పోయాం.

“మీరే కదమ్మా సెమినార్ కావాలన్నది. పెట్టినం.”

“బదులు పెట్టమన్నం సార్” అంది అక్క.

“తీసేసుడు మా చేతుల ఉండదమ్మా. కలుపుడే ఉంటది.”

ఆయన చెడ్డవాడు కాదు. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. చెడ్డవాడై ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

సెమినార్ రోజు అక్క మాట్లాడుతుంటే, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెన్ను పక్కన పెట్టేశారు. మార్కుల కోసం కాకుండా తెలుసుకోవడానికే ప్రశ్నలు అడిగారు. నేను గర్వంతో అటూ ఇటూ చూశాను. తర్వాతి వారం రాత పరీక్ష. సైడ్ హెడింగుల విద్య అంతా నేనే దగ్గర కూర్చుని నేర్పాను. రెండో పేపర్ రాసి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది.

“ఈసారి గీతలు మంచిగనే గీసిన చెల్లె. వాటి కింద ఏం రాయాల్నో యాదికి రాలే.”

సెమినార్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే. రెండో పేపర్ పోయింది. దాంతోపాటు రిజిస్ట్రేషన్ పోయింది, ఊరూరూ తిరిగి పోగుచేసిన అన్నేళ్ల పని పోయింది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

మరుసటి ఏడాది కొత్త స్కాలర్లు చేరాక హెడ్ సార్ ఆమెకు ఫోన్ చేశారు. సెమినార్ ఎలా ఇవ్వాలో పిల్లలకు ఒకసారి చూపించి పొమ్మన్నారు. పోవద్దని నేను గొడవపెట్టుకున్నాను. సిగ్గుండక్కర్లేదా వాళ్లకు అన్నాను. “గా పిల్లలకైన పనికొస్తది గద” అని కాలేజీకి సెలవు పెట్టి మరీ వచ్చింది. నేను వెనక వరుసలో కూర్చున్నాను. అదే సెమినార్ మళ్లీ ఇచ్చింది, ఇంకా బాగా ఇచ్చింది. అయిపోయాక ముందు వరుసలో ఒక అమ్మాయి లేచింది.

“మేడం, మీ థీసిస్ మన లైబ్రరీల ఉన్నదా?”

“లేదమ్మా. నేను పరీక్ష తప్పిన.”

మేడం జోకేసిందనుకుని అందరూ నవ్వారు. హెడ్ సార్ తల వంచుకున్నారు. అక్క ఆ నవ్వు ఆగేదాకా ఆగి, అదే మాట మళ్లీ చెప్పింది.